వెనక సగం

త్వే యిన్ మీద ప్రేమ కొద్దీ ఈ నాలుగు మాటలు రాస్తున్నానని ఎవరూ అనుకోవద్దు. పదేళ్ళకు పైగా ఆవిడ మా టీ కొట్టు వైపు తిరిగి ఉమ్మేసింది. కిళ్ళీ నమిలే మనిషి ఎక్కడో ఒకచోట ఉమ్మాల్సిందే, కాదనను. వీధికి రెండు వైపులున్నప్పుడు రోజూ మా వైపే ఎందుకు ఉమ్మాలి? అయినా బర్మా దేశంలో మౌల్మెయిన్ అనే ఊళ్ళో మా వీధి గురించి చెప్పమంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆవిడే.

ఆవిడది కిళ్ళీ బడ్డీ. దాన్ని ఆనుకుని ఊ పే తాన్ అద్దె పుస్తకాల కొట్టు. వీధికి ఇవతల మాది. ఆవిడ ఒక చేత్తో తమలపాకుకు సున్నం రాస్తూ రెండో చేత్తో పేజీ తిప్పేది. మా వీధిలో ఏ నవల తెరిచినా మూలన తెల్లటి వేలిముద్ర కనిపించిందంటే త్వే యిన్ అప్పటికే చదివేసిందన్నమాట. ఊ పే తాన్ మొదట్లో విసుక్కున్నాడు. తర్వాత ఆ ముద్ర లేని పుస్తకాన్ని జనమే తీసుకోవడం మానేశారు. ఆవిడే చదవలేదంటే అందులో సరుకు లేనట్టే కదా అనేవాళ్ళు.

ఊ పే తాన్ లావు పుస్తకాన్ని లావుగా ఉంచేవాడు కాదు. కొత్త నవల రాగానే మధ్యకు కోసి, రెండు ముక్కలకీ అట్టలు వేసి, మైనం పూసిన దారంతో కుట్టేవాడు. ముందు సగం ఒక ఇంట్లో, వెనక సగం ఇంకో ఇంట్లో తిరిగేవి. ముందు సగం చదివినవాళ్ళు వెనక సగం ఉన్న ఇంటి గుమ్మం దగ్గర పడిగాపులు కాసేవాళ్ళు. ఇక పుస్తకాలు తనిఖీ చేసే పై ఆఫీసు వాళ్ళ సంగతి వేరు. పుస్తకం అచ్చయ్యాక కూడా ఏదైనా నచ్చకపోతే ఆ పేజీలు చింపించేవాళ్ళు, లేదంటే వాక్యాల మీద వెండిరంగు సిరా పూయించేవాళ్ళు. మాకది అలవాటే. ఎండకు ఎత్తిపట్టి సిరా కింది అక్షరాలు చదవడంలో త్వే యిన్‌ని మించినవాళ్ళు లేరు.

ఆవిడకు అందరు రచయితలూ ఒక ఎత్తు, తౌంగూ మో ఒక్కడూ ఒక ఎత్తు.

"వేరేవాళ్ళకి ఒక కూరే వచ్చు, దాన్నే రోజూ వేడి చేసి పెడతారు. ఈయనకి అన్నీ వచ్చు," అనేది. అబద్ధం కాదు. ఆయన దయ్యాల కథ రాస్తే వీధంతా చీకటి పడకముందే తలుపులేసుకునేది. ప్రేమకథ రాస్తే పెళ్ళై ముగ్గురు పిల్లలున్న మా పక్కింటావిడ మూడు రోజులు మొగుడితో మాట్లాడలేదు. హాస్యం రాసినప్పుడు నవ్వు ఆపుకోలేక త్వే యిన్ సున్నం ఎక్కువ పూసేసి ఒక లారీ డ్రైవరు నోరు పొక్కించింది. వాడు తిడుతుంటే, "నోటికి మందు రాసుకో నాయనా, ఈ పేజీ విను, తగ్గిపోతుంది," అని చదివి వినిపించింది.

ఇంత నవ్వే మనిషికి మా వైపు చూస్తే మాత్రం మొహం మాడిపోయేది.

కారణం ఆవిడ కొడుకు జేయా. ప్రభుత్వానికి ఎదురు తిరిగి ఊరేగింపులు జరిగిన ఏడాది కాలేజీ పిల్లలతో కలిసి జెండా పట్టుకున్నాడు. తర్వాత పట్టుకోవడాలు మొదలయ్యాక పక్క ఊరు ముదోన్‌లో రబ్బరు తోటల మధ్య వాళ్ళ పెద్దమ్మ ఇంట్లో దాక్కున్నాడు. ఒక తెల్లవారుజామున సైనికులు వచ్చి తీసుకెళ్ళారు. ఆ తర్వాత ఏ జైలో, ఉన్నాడో లేడో, ఎవరూ చెప్పలేదు. వాడు అక్కడున్న సంగతి త్వే యిన్‌కీ, ఆవిడ అక్కకీ, ఓన్ చీ అనే మా అమ్మకీ తప్ప ఎవరికీ తెలియదు. మా అమ్మకి ఎందుకు తెలుసంటే, ముదోన్ బస్సులో వాడికి అన్నం, ఎండు రొయ్యల పొడి కట్టి పంపేది తనే కాబట్టి. టీ కొట్టులో అన్ని రకాలవాళ్ళూ కూర్చుంటారు. ఇన్ఫార్మర్లూ కూర్చుంటారు. వాళ్ళకి టీ పొయ్యనని ఎవరంటారు? త్వే యిన్ లెక్క వేసింది. ముగ్గురిలో తను కాదు, తోడబుట్టింది కాదు. మిగిలింది మా అమ్మ.

ఆ మాట ఆవిడ అరిచి చెప్పలేదు. అరిస్తే మేమూ అరిచేవాళ్ళం. కిళ్ళీ కట్టి ఇస్తూ ఒక్కొక్కరికీ మెల్లగా చెప్పింది. మా కొట్టుకు వచ్చేవాళ్ళు సగానికి సగం తగ్గిపోయారు. ఉన్నవాళ్ళు కూడా మా అమ్మ దగ్గరకు రాగానే మాట మార్చేవాళ్ళు. మా అమ్మ పోయినప్పుడు వీధంతా వచ్చింది, ఆవిడ రాలేదు. పెళ్ళికి వెళ్ళకపోయినా పర్వాలేదు గానీ చావుకు వెళ్ళకపోతే మనిషే కాదంటారు మా దగ్గర. శవం బయల్దేరుతుంటే ఆవిడ బడ్డీలో కూర్చుని పేజీ తిప్పింది. నేను చూశాను. చచ్చినా మర్చిపోను.

అలాంటి రోజుల్లో తౌంగూ మో కొత్త నవల వచ్చింది. పేరు "పేరు చెప్పిన నోరు". యుద్ధంలో జపాన్‌వాళ్ళు మా దేశాన్ని పట్టుకున్న కాలంలో జరిగినట్టు రాశాడు. అలా వెనక్కి నెట్టి రాస్తేనే పైవాళ్ళు వదుల్తారని చదివేవాళ్ళకీ తెలుసు. రేవు దగ్గర బియ్యం అమ్ముకునే ఒక తల్లి. పడవ నడిపే ఆమె కొడుకు ఒక చోట దాక్కుంటాడు. సైనికులు వచ్చి తీసుకెళ్తారు. వాడి జాడ చెప్పిన నోరు ఎవరిదని తల్లి వెతకడం మొదలెడుతుంది. కథంతా ఇదే.

నేనూ ముందు సగం చదివాను. తిట్టుకుంటూనే చదివాను. ఒక్కచోట కూడా గొంతు పెంచడు మహానుభావుడు. తల్లి బియ్యంలో రాళ్ళు ఏరుతుంటుంది, వచ్చినవాళ్ళతో ధర మాట్లాడుతుంటుంది, అంతే. చదివే మనకి మాత్రం ఊపిరాడదు. ఒక అధ్యాయంలో మరిది మీద అనుమానం, తర్వాత దాంట్లో బడి పంతులు మీద. ఎవడి మీద అనుమానపడితే వాడు అన్నం పెట్టి మంచి మాట చెబుతాడు, మనకి సిగ్గేస్తుంది. దయ్యాలూ ప్రేమలూ నవ్వులూ రాసిన చెయ్యి ఇన్నాళ్ళూ దీనికోసమే సాధన చేసిందేమో అనిపించింది.

అందులో కల్లు అమ్మే ముసలమ్మ ఒకతె ఉంది. ఇంకేం, త్వే యిన్‌కి పండగే.

"తౌంగూ మో మనుషుల్ని చదివినోడు," అని బడ్డీ దగ్గర చేరిన జనానికి చెప్పింది, మా కొట్టుకు వినపడేలా. "వచ్చినోడికీ పోయినోడికీ కూర్చోబెట్టి పోసేవాళ్ళ నోరు ఊరుకుంటుందా? చూస్తుండండి, వెనక సగంలో దాన్ని జుట్టు పట్టుకుని బయటికి లాగుతాడు."

"కథే కదక్కా," అన్నాడు ఒక రిక్షావాడు.

"కథ అయితే నీకు. నాకు కాదు."

అది వింటూ ఉండగానే నా పాలు పొంగి పొయ్యిలో పడ్డాయి. అంతకన్నా ఏం చేయగలను?

వెనక సగం మాత్రం ఆవిడకు అందలేదు. రోజూ పొద్దున్నే ఊ పే తాన్ గుమ్మంలో నిలబడేది.

"వచ్చిందా అన్నా?"

"లేదమ్మా. రేవు దగ్గర మాస్టారింట్లో ఉంది."

"ఆ మాస్టారు గుణింతాలు నేర్చుకుంటున్నాడా ఏంటి? ఇక్కడ ఒక మనిషి ప్రాణం కొట్టుకుంటుంటే."

ఆయన తల వంచుకుని ఏదో ఒక పుస్తకం కుట్టేవాడు. నాకు అనుమానం వచ్చింది. ఆ మాస్టారు రోజూ మా దగ్గరే టీ తాగుతాడు. అడిగితే ఆ పుస్తకం తన కళ్ళబడనే లేదన్నాడు.

ఒక మధ్యాహ్నం వాన పడుతుంటే టీ ఇచ్చే నెపంతో కొట్టులోకి వెళ్ళాను. ఊ పే తాన్ కూర్చునే దిండు కింద నుంచి కొత్త అట్ట అంచు కనిపిస్తోంది. లాగాను. వెనక సగమే.

"బాబాయ్, ఏంటిది?" అన్నాను.

ఆయన నా చేతిలోంచి లాక్కోబోయాడు. నేను ఇవ్వలేదు. కూర్చుని చివరి అధ్యాయం అక్కడే చదివేశాను. ఆఖర్న తల్లికి గుర్తొస్తుంది. నీ కొడుకు చొక్కా కుట్టి తెచ్చానమ్మా అంటూ ఒక దర్జీ కుర్రాడు వచ్చాడు. పాపం ఎండలో వచ్చాడని ఆమె అన్నం పెట్టింది. కొడుకు ఎక్కడున్నాడో దారి గుర్తులతో సహా చెప్పింది. పేరు చెప్పిన నోరు ఆమెదే.

"అయితే ఏం?" అన్నాను. "ఇది దాచడం దేనికి?"

ఊ పే తాన్ చాలాసేపు కళ్ళద్దాలు తుడిచాడు. తర్వాత చెప్పాడు. జేయాని పట్టుకోకముందు ఒక అబ్బాయి త్వే యిన్ బడ్డీకి వచ్చాడట. మిన్ లట్ అని, కాలేజీలో జేయా స్నేహితుణ్ణని, వాడికి కొంచెం మందులు తెచ్చానని చెప్పాడట. ఆవిడ వాణ్ణి కూర్చోబెట్టి అన్నం తినిపించి, ముదోన్‌లో ఏ తోట, ఏ మలుపు, ఏ ఇల్లు, అన్నీ చెప్పిందట. పక్క కొట్టులో ఈయన కూర్చుని విన్నాడు. జేయాని తీసుకెళ్ళిన మర్నాడే ఆ మిన్ లట్‌ని సైనికుల జీపులో, ముందు సీట్లో, నడుముకు పిస్తోలుతో చూశాడు.

"మరి ఆవిడకి చెప్పలేదా?"

"అప్పుడు భయం. నాకూ ఇద్దరు కొడుకులు. తర్వాత చెబుదామంటే, ఆ మిన్ లట్‌ని కూడా పట్టుకుపోయారనుకుంటోంది పిచ్చిది. ఏటా కొడుకు పేరున సన్యాసులకి అన్నం పెట్టినప్పుడు వాడి పేరు కూడా చెప్పి పుణ్యం పంచుతుంది. ఎలా చెప్పనమ్మా? తనని తాను నమిలి మింగేసేకన్నా ఇంకొకళ్ళని తిట్టుకుంటూ బతకడం నయమనుకున్నాను."

"ఆ ఇంకొకళ్ళు మా అమ్మ," అన్నాను.

ఆయన సూదిలో దారం ఎక్కించబోయాడు.

"మా అమ్మ పాడె నువ్వూ మోశావు బాబాయ్. నోరు మూసుకుని ఎలా మోశావు?"

ఆ రోజు నేనన్న మాటలన్నీ ఇక్కడ రాయలేను. వయసులో పెద్దవాడు, నా పెళ్ళికి కట్టుకోమని పట్టు లుంగీ పెట్టినవాడు. అయినా వదల్లేదు. చివరికి, "ఈ పుస్తకం ఆవిడకి నువ్విస్తావా, నన్ను నోరు తెరవమంటావా?" అన్నాను. ఆయన ఇస్తానన్నాడు. అప్పుడు నాకు కావాల్సింది ఒక్కటే. మా అమ్మ పేరు కడిగినట్టు శుభ్రం కావాలి, అది ఆవిడ చేతే కావాలి. ఆవిడ ఏమైపోతుందన్న ఆలోచన నాకు రాలేదు. వచ్చినా ఆగేదాన్ని కాదు.

ఆయన ఇచ్చాడు. కానీ ఆఖరి అధ్యాయం కోసేసి ఇచ్చాడు. పైవాళ్ళు చింపేశారమ్మా అని చెప్పాడట. మా ఊళ్ళో ఆ మాట చెబితే ఎవరైనా నమ్ముతారు. ఆవిడా నమ్మి, పైవాళ్ళను వాళ్ళ ఏడు తరాలతో కలిపి తిట్టుకుంటూ పుస్తకం ఇంటికి పట్టుకెళ్ళింది.

మర్నాడు బడ్డీ తెరవలేదు. మధ్యాహ్నం ఎండ పూట పుస్తకం పట్టుకుని ఊ పే తాన్ కొట్టుకు వచ్చింది. నేను గ్లాసులు వదిలేసి వీధి దాటాను.

"అన్నా, ఇది ఎవరు చింపారు?" అంది.

"చెప్పాను కదమ్మా, పైవాళ్ళు."

"పైవాళ్ళు చింపితే పీచులు మిగుల్తాయి. ఎన్ని పుస్తకాలు చూశాను నేను? వాళ్ళకేం ప్రేమ, బర్రున లాగేస్తారు. ఇది కత్తితో కోసి, అంచు సమంగా చెక్కి, మళ్ళీ వేరే దారంతో కుట్టి ఉంది. పుస్తకమంటే ప్రాణమున్న చెయ్యి కోసింది. ఆ చెయ్యి నీదే."

అదీ ఆయన చేసిన పొరపాటు. దొంగతనం చేస్తూ కూడా అంచు వంకరగా వదిలేయలేకపోయాడు. బర్రున లాగి ఉంటే ఆవిడ జన్మలో పట్టుకునేది కాదు.

"ఇవ్వన్నా," అంది.

"వద్దు చెల్లీ. అది బాగా రాయలేదు. మనిషి అలిసిపోయినట్టున్నాడు, ఏదో ముగించేశాడు."

"తౌంగూ మో గురించా ఆ మాట?" ఆవిడకు నిజంగానే కోపం వచ్చింది. "ఇన్ని పేజీలు ఊపిరి బిగబట్టించినోడు ఆఖర్లో వదిలేస్తాడా? ఇవ్వు."

ఊ పే తాన్ నా వైపు చూశాడు. నేను కళ్ళు తిప్పుకోలేదు. బల్ల సొరుగులోంచి ఆ కాగితాలు తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

ఆవిడ అక్కడే ముక్కాలి పీట మీద కూర్చుంది. పెదాలు కదుపుతూ చదవడం ఆవిడ అలవాటు. ఎంతదాకా వచ్చిందో ఆ పెదాలను బట్టి నాకు తెలుస్తూనే ఉంది. దర్జీ కుర్రాడు వచ్చాడు. అన్నం పెట్టింది. పెదాలు ఆగిపోయాయి. మళ్ళీ వెనక్కి వెళ్ళి అదే పేజీ మొదటి నుంచి చదివింది. ఎవరో వచ్చి, "రెండు కట్టమ్మా, జర్దా వెయ్యి," అని మూసిన బడ్డీ దగ్గర నిలబడి, ఎవరూ పలక్కపోయేసరికి వెళ్ళిపోయాడు.

చదవడం అయ్యాక కాగితాలు వరసగా సర్ది ఒళ్ళో పెట్టుకుంది.

"ఎంత బాగా రాశాడు," అంది. "ఎక్కడా అబద్ధం లేదు." కాగితాల మీంచి తలెత్తి, "అన్నా, ఆ రోజు నువ్విక్కడే కూర్చున్నావు కదూ?"

"కూర్చున్నాను."

"ఆ పిల్లాడికి నేను చెప్పింది విన్నావు."

"విన్నాను చెల్లీ."

"నిన్న రాత్రే నాకు తోచింది. మధ్యలో కోసేసి ఉంటే మామూలేననుకుందును. నా దగ్గర ఆఖరే దాచావంటే, నాకోసమే దాచావు. ఏముంటుంది అందులో నాకు తెలియకూడనిది? అలా ఒక్కొక్కళ్ళనీ తీసేసుకుంటూ వస్తే వాడు మిగిలాడు. వాడికి చేప పులుసు బాగుందని రెండోసారి వడ్డించాను. ఇన్నేళ్ళూ వాడికి పుణ్యం పంచాను. నువ్వు పక్కన కూర్చుని పుణ్యం అందాలని సాధు, సాధు అన్నావు."

ఆవిడ నా వైపు తిరిగింది. ఇన్నేళ్ళలో నా మొహంలోకి చూడటం అదే మొదలు.

"మీ అమ్మ పోతే నేను రాలేదు," అంది.

"రాలేదు."

"నన్ను ఏమనాలో అనుకుని ఉంటావు కదా. అను."

అనుకునే ఉన్నాను. పొయ్యి దగ్గర నిలబడి ఎన్నిసార్లు వల్లె వేసుకున్నానో లెక్కలేదు. తీరా నోరు తెరిస్తే వచ్చింది వేరు.

"మా అమ్మ చివరిదాకా నిన్ను ఒక్క మాట అనలేదు. నాకు అందుకే ఎక్కువ కోపం," అన్నాను.

ఆవిడ తల ఊపింది. తర్వాత నాతోనో, ఊ పే తాన్‌తోనో, "ఇన్నాళ్ళూ వాడు తిరిగొస్తే చాలని మొక్కుకున్నాను. ఇప్పుడు వాడొచ్చి, అమ్మా ఎవరు చెప్పారే అని అడిగితే నేనేం చెప్పను?" అంది.

నాకప్పుడు జాలి వేయలేదు, ఉన్నదున్నట్టు చెబుతున్నాను. జాలి తర్వాత వేసింది, చాలా వేసింది.

మర్నాటి నుంచి బడ్డీ తెరిచింది. కిళ్ళీలు కట్టింది. ఆకు కొనడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ, "ఓన్ చీ కాదు, నేనే చెప్పాను," అని చెప్పింది, ఒకప్పుడు మా అమ్మ పేరు చెప్పినంత మెల్లగానే. మా కొట్టుకు జనం తిరిగొచ్చారు. పుస్తకం మాత్రం మళ్ళీ ముట్టుకోలేదు. తౌంగూ మో తర్వాత రెండు రాశాడు. ఊ పే తాన్ కోయకుండా, కుట్టకుండా, కొత్తవి కొత్తగానే తీసుకెళ్ళి బడ్డీలో పెట్టాడు. సాయంత్రం ఎక్కడ పెట్టినవి అక్కడే ఉన్నాయి, సున్నం మరక లేకుండా.

ఆ చలికాలంలో జైళ్ళ నుంచి కొంతమందిని వదిలారు. మా వెనక వీధి అబ్బాయి ఒకడు వచ్చాడు, పళ్ళు ఊడిపోయి, గుర్తుపట్టలేకుండా. చుట్టుపక్కల తల్లులంతా వాడి మీద పడ్డారు, మా వాణ్ణి చూశావా, మా వాణ్ణి చూశావా అని. వాడు వాళ్ళని తప్పించుకుని నేరుగా బడ్డీ దగ్గరికి వెళ్ళాడు.

"పెద్దమ్మా, జేయా నాతోనే ఉన్నాడు. ఒక మాట చెప్పమన్నాడు," అన్నాడు.

త్వే యిన్ రెండు చెవులూ మూసుకుంది. వేళ్ళకున్న సున్నం జుట్టుకి అంటుకుంది.

"వద్దు నాయనా. చెప్పకు. నీకు దండం పెడతాను, వెళ్ళిపో," అంటూనే లేచి లోపలికి పోయి తడిక లాక్కుంది.

వాడు వీధి దాటి మా కొట్టులో కూర్చున్నాడు. టీ పోశాను. జేయా రెండో ఏడే జ్వరంతో పోయాడట. మిన్ లట్ ఎవరి మనిషో జైలు లోపలికెళ్ళిన మొదటి రోజే జేయాకి తెలిసిందట. దారి ఎవరు చెప్పి ఉంటారో కూడా తెలుసట.

"మా అమ్మ గుమ్మంలోకి వచ్చినవాణ్ణి అన్నం పెట్టకుండా పంపదురా అని నవ్వేవాడక్కా. అమ్మకి ఎప్పటికీ తెలియకూడదు, తెలిస్తే మాత్రం నాకు కోపం లేదని చెప్పు అన్నాడు," అన్నాడు ఆ అబ్బాయి.

ఆ మాట చెబుదామని నేను రెండుసార్లు వీధి దాటి వెళ్ళాను. నన్ను చూడగానే ఆవిడ చెవులు మూసుకుంది.